విమానం మోడల్ మోటార్ స్కూటర్‌కు పనికొస్తుందా, రాదా?

చక్రి
ఆర్‌సీ (రిమోట్‌తో ఎగరేసే) విమానాలకు పెట్టే బ్రష్‌లెస్ అవుట్‌రన్నర్‌ను (బయటి డబ్బాయే తిరిగే మోటార్‌ను) నిలబడి నడిపే చిన్న స్కూటర్‌కు బిగించొచ్చా? వివరాలు ఇవీ. 6374 మోటార్ (డబ్బా వ్యాసం 63 మి.మీ., పొడవు 74), 190 కేవీ (ఖాళీగా వోల్టుకు 190 ఆర్‌పీఎం), 14 అయస్కాంతాలు, 12 పళ్ల స్టేటర్ (తీగ చుట్టిన కదలని భాగం). 6ఎస్ లైపో (వరసగా ఆరు లిథియం పాలిమర్ సెల్స్), 5000 ఎంఏహెచ్ ప్యాకులు రెండు పారలల్‌గా. 120 ఆంపియర్ల విమానం ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్). మోటార్ మీద 15 పళ్ల పుల్లీ, వెనక చక్రానికి 72 పళ్లది, హెచ్‌టీడీ 5ఎం బెల్టు (పళ్ల మధ్య దూరం 5 మి.మీ.), వెడల్పు 15 మి.మీ. చక్రం వ్యాసం 200 మి.మీ. మనిషీ బండీ కలిపి 90 కిలోలు. కొందరు బ్రహ్మాండంగా నడుస్తుందంటున్నారు, కొందరు వారంలో కాలిపోతుందంటున్నారు. ఎవరు చెప్పినా కారణంతో చెప్పండి.

గాలిమర
పనికిరాదు. ప్రొపెల్లర్ అడిగే టార్క్ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, పవర్ ఘనాన్ని బట్టి. సగం వేగంలో ఎనిమిదో వంతు పవర్ చాలు. మొదలయ్యేటప్పుడు మోటార్ మీద దాదాపు ఏ భారమూ ఉండదు. పైగా ఎంత గట్టిగా తిరిగితే అంత గాలి మోటార్‌కే తగులుతుంది. స్కూటర్‌లో ఇదంతా తలకిందులు. బండి ఆగి ఉన్నప్పుడే ఎక్కువ టార్క్ కావాలి, గాలి ఆడనిదీ అప్పుడే. పెట్టె మీద రాసే 2500 వాట్లు ప్రొపెల్లర్ గాలి తగులుతుండగా, అదీ కాసేపటికి.

ఇక ఈఎస్‌సీ. అది మోటార్ తిరిగితే పుట్టే బ్యాక్ ఈఎంఎఫ్‌ను (ఎదురు వోల్టేజీని) చూసి రోటర్ (తిరిగే భాగం) ఎక్కడుందో తెలుసుకుంటుంది. తిరగని మోటార్‌లో చూడటానికేమీ ఉండదు. గుడ్డిగా కరెంటు తోస్తుంది, మోటార్ గడగడలాడుతుంది, ఎఫ్ఈటీలు (ఈఎస్‌సీలో కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) పోతాయి. పెట్టె మీది అంకె నమ్మి కొన్న ఈఎస్‌సీలు రెండు పోతే దుకాణం వాళ్లు వారంటీ లేదన్నారు, అది వేరే సంగతి. అయినా ప్రయత్నిస్తానంటే కేవీ బాగా తక్కువున్నది చూసుకోండి, 190 ఎక్కువ.

విశాఖ_ఎత్తు
అవును, కేవీ తగ్గితేనే టార్క్ వస్తుంది. మా ఊరి ఎత్తులకు 190 ఎక్కదు.

బెల్టు_బాబాయ్
చక్రీ, లెక్క వేసి చూద్దాం. 6ఎస్ అంటే 22.2 వోల్టులు. 190తో గుణిస్తే ఖాళీగా 4218 ఆర్‌పీఎం. భారం మీద 80 శాతం వేసుకో, సుమారు 3370. 4.8తో భాగిస్తే చక్రం 700 చుట్లు. 200 మి.మీ. చక్రం చుట్టుకొలత 0.628 మీటర్లు కాబట్టి గంటకు 26 కి.మీ. దాటి వస్తుంది. నిష్పత్తి సరిపోయింది.

ఇప్పుడు నూటికి 6 ఎత్తు. 90 కిలోలను పైకి లాగడానికి 53 న్యూటన్లు, టైరు రాపిడికి 13, మొత్తం 66. అర్ధవ్యాసం 0.1 మీటరు కాబట్టి చక్రం దగ్గర 6.6 న్యూటన్ మీటర్లు. నిష్పత్తి, బెల్టు నష్టం తీసేస్తే మోటార్ దగ్గర 1.5. ఈ మోటార్ ఆంపియర్‌కు ఇచ్చేది 9.55ను కేవీతో భాగిస్తే వస్తుంది, 0.05. అంటే 30 ఆంపియర్లు. వైండింగ్ 0.04 ఓమ్‌లు అనుకుంటే వేడి 36 వాట్లు. కిలోకు కాస్త తక్కువ బరువున్న మోటార్‌కు 36 వాట్లు పెద్ద లెక్క కాదు.

ఈఎస్‌సీ విషయంలో గాలిమర గారితో ఏకీభవిస్తాను. దాన్ని పక్కన పెట్టి కరెంటు పరిమితి పెట్టుకోగలిగే కంట్రోలర్ తీసుకో. స్వీడన్‌కు చెందిన బెంజమిన్ వెడ్డర్ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన వెస్క్ డిజైన్ మీద కట్టినవి చాలా దొరుకుతాయి. మోటార్ కరెంటు 50, బ్యాటరీ కరెంటు 25 పెట్టు. మోటార్‌లో 10కే థర్మిస్టర్ (వేడిని కొలిచే సెన్సర్) అతికించి 80 డిగ్రీల దగ్గర పవర్ తగ్గడం మొదలై 100కు సున్నా అయ్యేలా పెట్టు. వారంటీ గొడవ ఈఎస్‌సీది, మోటార్‌ది కాదు.

పోతే, కేవీ తగ్గితే టార్క్ పెరుగుతుందన్న మాట తప్పు.

విశాఖ_ఎత్తు
అన్ని చోట్లా అలాగే రాస్తారుగా బాబాయ్?

బెల్టు_బాబాయ్
రాస్తారు నాయనా, ఆంపియర్‌కు వచ్చే టార్క్ గురించి రాస్తారు. ఇదే 6374ను 95 కేవీకి చుట్టారనుకో. చుట్లు రెట్టింపు, తీగ అడ్డుకోత వైశాల్యం సగం, కాబట్టి రెసిస్టెన్స్ నాలుగింతలు, 0.16. ఆంపియర్‌కు టార్క్ 0.10. అదే 1.5 న్యూటన్ మీటర్లకు 15 ఆంపియర్లు చాలు. వేడి ఎంత? 15ను 15తో, మళ్లీ 0.16తో గుణించు, 36 వాట్లు. 190 కేవీలో 30ను 30తో, 0.04తో గుణించు. అదే 36. ఇనుమూ రాగీ అవే ఉన్నప్పుడు అదే టార్క్‌కు అదే వేడి. టార్క్ కావాలంటే స్టేటర్ పెద్దది కావాలి, లేదా పళ్ల నిష్పత్తి పెరగాలి.

గాలిమర
మోటార్ వరకే లెక్క వేసి ఆపేశారు. 30 ఆంపియర్లు మోసే కంట్రోలర్, తీగలు, కనెక్టర్లు ఒకటి. 15 మోసేవి ఇంకొకటి. ఎఫ్ఈటీల్లో వేడి నాలుగో వంతు అవుతుంది. కాలేది ఎక్కువగా అక్కడే. అందుకే తక్కువ కేవీ అన్నాను.

బెల్టు_బాబాయ్
95 కేవీకి ఇదే వేగం రావాలంటే 12ఎస్ కావాలి, నిండా ఛార్జయితే 50.4 వోల్టులు. 60 వోల్టుల కంట్రోలర్‌కు అది అంచు. అప్పుడు కాలేది కరెంటుకు కాదు, వోల్టేజీకి. మీరు మొదట రాసింది "190 ఎక్కువ" అని. కంట్రోలర్ మాట అప్పుడు లేదు.

సున్నా_ఓమ్స్
ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. చాలామంది వాట్‌మీటర్‌ను బ్యాటరీ తీగకు పెట్టి "6 ఆంపియర్లే చూపిస్తోంది, అయినా కాలింది" అంటారు. మోటార్‌లో పారే కరెంటు వేరు. డ్యూటీ (కంట్రోలర్ వోల్టేజీని ఆన్‌లో ఉంచే సమయం వాటా) 12 శాతం ఉంటే మోటార్‌లో 50 పారుతున్నా బ్యాటరీ నుంచి పోయేది 6. మెల్లగా ఎత్తు ఎక్కేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. విమానం ఈఎస్‌సీలో థ్రాటిల్ అంటే డ్యూటీయే, కరెంటు కాదు. బండి ఆగి ఉండగా 30 శాతం థ్రాటిల్ ఇస్తే 6.6 వోల్టులు 0.04 ఓమ్‌ల మీద పడతాయి. 165 ఆంపియర్లు. 120 అని రాసిన పెట్టె ఎంతసేపు ఆగుతుంది?

ఇంకోటి, బ్యాటరీ తీగలు పొడిగిస్తే కంట్రోలర్ దగ్గర లో ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్స్ తక్కువున్న) కెపాసిటర్లు కలపాలి. అదనంగా పెంచిన ప్రతి 10 సెం.మీ.కు 220 మైక్రోఫారడ్లు కలపడం ఆర్‌సీ వాళ్ల పాత లెక్క.

ఆటోనగర్_లేత్
కరెంటు సంగతి మీరు చూసుకోండి, బిగింపు నేను చెప్తా. ప్రొపెల్లర్ షాఫ్టును ముందుకు లాగుతుంది. బెల్టు పక్కకు లాగుతుంది. పుల్లీని షాఫ్టు చివర పెడితే 8 మి.మీ. షాఫ్టు వంగుతుంది, బేరింగ్ మోగుతుంది. పుల్లీని డబ్బాకు దగ్గరగా పెట్టి, బయటి చివరను ప్లేటులో ఇంకో బేరింగుతో పట్టించాలి. గ్రబ్ స్క్రూ ఒక్కటే నమ్మకండి. షాఫ్టుకు చదును తీయండి, కుదిరితే కీ గాడి కొట్టించండి, నీలం థ్రెడ్ లాకర్ వేయండి.

బిగించే ఎం4 స్క్రూ పొడవెక్కువైతే లోపల తీగ చుట్లకు తగిలి షార్టు. బిగించాక మల్టీమీటర్‌తో ఫేజు తీగకూ (మోటార్ నుంచి వచ్చే మూడు తీగల్లో ఒకదానికీ) మోటార్ ఒంటికీ మధ్య చూడండి. బీప్ వస్తే విప్పేయండి, స్విచ్ వేయకండి.

చిన్న పుల్లీ మీద కనీసం 6 పళ్లు బెల్టులో ఉండాలి. 15, 72 జంటకు ఇరుసుల మధ్య దూరం 150 మి.మీ. ఉంటే సరిగ్గా ఆరొస్తాయి. 535 మి.మీ. బెల్టు, 107 పళ్లది, దాదాపు అతికినట్టు సరిపోతుంది. 120కి దగ్గర చేస్తే ఐదున్నర. బండి లాగగానే టకటకమని పళ్లు దాటుతాయి.

గాలిమర
ఇదే నేను చెప్తున్నది! షాఫ్టు మార్చాలి, బేరింగ్ పెట్టాలి, కంట్రోలర్ మార్చాలి, ఆగి ఉన్నా రోటర్ ఎక్కడుందో చెప్పే హాల్ సెన్సర్లు పెట్టాలి. అన్నీ మార్చాక మిగిలేది విమానం మోటారేనా? 36 వోల్టుల హబ్ మోటార్ చక్రంతో సహా వస్తుంది. షావోమీ ఎం365లో అదే ఉంది, 250 వాట్లు, 8.5 అంగుళాలు, 25 కి.మీ. వేగం. లోపలికి దుమ్ము పోదు, ఇనప రజను అయస్కాంతాలకు అంటుకోదు.

చక్రి
హాల్ సెన్సర్లు ఎలా పెట్టాలి? తప్పదా?

సున్నా_ఓమ్స్
కాలితో తోసి 4, 5 కి.మీ. వేగం వచ్చాకే పవర్ ఇచ్చేట్టయితే తప్పనిసరి కాదు. ఆగిన చోటు నుంచి లాగాలంటే కావాలి. 14 అయస్కాంతాలంటే ఒక చుట్టులో ఏడు విద్యుత్ చుట్లు. సెన్సర్ల మధ్య 120 విద్యుత్ డిగ్రీలంటే డబ్బా మీద 17.14 డిగ్రీలు. డబ్బా బయట పట్టీ మీద పెడితే ఆ దూరం. లోపల పెడితే స్టేటర్ పళ్ల సందుల్లో నాలుగేసి పళ్లకు ఒకటి, అదీ 120 కిందికే వస్తుంది. రెండేసి పళ్లకు పెడితే 60 అవుతుంది, ఆ పొరపాటు చేయకు. లాచింగ్ రకం సెన్సరే తీసుకో. ఎపాక్సీ వేసేముందు ఒక్కోదాన్నీ చేత్తో రోటర్ తిప్పి పరీక్షించు.

బెల్టు_బాబాయ్
గాలిమర గారూ, హబ్‌లో నిష్పత్తి ఒకటికి ఒకటి, అదే 6.6 న్యూటన్ మీటర్లు నేరుగా ఇవ్వాలి. ఎత్తు మీద అదీ వేడెక్కుతుంది, మూసి ఉంటుంది కాబట్టి వేడి బయటికి పోదు కూడా. వైండింగ్ పోతే మొత్తం చక్రం పోతుంది. ఇక్కడ బెల్టు తెగితే బెల్టు మారుస్తాం. మూడు పోస్టులుగా ఒకసారి కేవీ అంటారు, ఒకసారి కంట్రోలర్ అంటారు, ఇప్పుడు దుమ్ము అంటున్నారు. ఒక మాట మీద నిలబడరు. ఈ కుర్రాడు చేయకూడదన్నది మీరు ముందే నిర్ణయించుకుని కారణాలు వెతుకుతున్నారు.

గాలిమర
సరే, నిలబడతాను. వినండి.

విమానంలో ఈఎస్‌సీ పోతే మోటార్ ఆగుతుంది, విమానం జారుకుంటూ దిగుతుంది. స్కూటర్‌లో బెల్టు చక్రాన్నీ మోటార్‌నూ కట్టేసి ఉంచుతుంది. ఎఫ్ఈటీ ఒకటి షార్ట్ అయితే ఫేజులు కలిసిపోతాయి. 25 కి.మీ. వేగంలో ఆ మోటార్‌లో 17 వోల్టుల దాకా పుడుతుంది, అడ్డుగా ఉన్నది 0.04 ఓమ్. ఇండక్టెన్స్ కొంత ఆపుతుంది నిజమే. అయినా వందల్లోకి వెళ్తుంది, దాన్ని బెల్టు 4.8 రెట్లు చేసి చక్రానికి ఇస్తుంది. వెనక చక్రం పట్టేస్తుంది. 8 అంగుళాల చక్రం మీద నిలబడినవాడు అదుపు తప్పి పడతాడు. స్విచ్ కట్టేసినా లాభం లేదు, ఎందుకంటే ఆ కరెంటు బ్యాటరీది కాదు. కేవీ ఎంతయినా ఇదే జరుగుతుంది. మొదటి పోస్టులోనే ఇది రాయాల్సింది, రాయలేదు, తప్పు నాది. మీ లెక్కలన్నీ ఒప్పుకుంటాను. మధ్యలో ఫ్రీవీల్ (ఒక వైపుకే పట్టి, రెండో వైపుకు వదిలేసే సైకిల్ పళ్ల చక్రం) లేకుండా ఎవరికీ ఈ బండి చెప్పకండి.

బెల్టు_బాబాయ్
ఇప్పుడు అసలు మాట వచ్చింది. ఫ్రీవీల్ పెడితే మోటార్ బ్రేకు (మోటార్‌నే జనరేటర్‌గా వాడి, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతూ ఆపడం) పోతుంది. చిన్న చక్రాల బండికి మోటార్ బ్రేకు ఎంత మెత్తగా, ఎంత అదుపుగా ఆపుతుందో మీకూ తెలుసు. చార్జింగ్ తిరిగి రావాలని కాదు, సమతలం మీద వచ్చేది కొద్దే. ఆగడం కోసం. పైగా సరైన కరెంటు పరిమితి ఉంటే ఎఫ్ఈటీ పోవడమే అరుదు.

సున్నా_ఓమ్స్
బాబాయ్, మోటార్ బ్రేకును ఏకైక బ్రేకుగా లెక్కపెట్టకూడదు. నిండా ఛార్జయిన ప్యాకుతో బయల్దేరగానే దిగుడు వస్తే? బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఛార్జింగ్‌ను కట్ చేస్తుంది. ఆ శక్తికి పోయే దారి ఉండదు, వోల్టేజీ ఎగిరి కంట్రోలర్ పోతుంది. బ్రేకు కావాల్సిన చోటే బ్రేకు పోయి, పైగా గాలిమర గారు చెప్పిన షార్టు కూడా అప్పుడే రావచ్చు.

రూల్స్_రావు
రోడ్డు మాట కూడా. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2(యు) కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేని బండి అనిపించుకోవాలంటే 30 నిమిషాల పవర్ 250 వాట్ల లోపు, వేగం 25 కి.మీ. లోపు, పైగా టెస్టింగ్ ఏజెన్సీ ఆమోదం ఉండాలి. ఇంట్లో కట్టినదానికి అది ఉండదు. కాంపౌండ్ లోపలే.

బెల్టు_బాబాయ్
బీఎంఎస్ మాట ఒప్పుకుంటాను. 6ఎస్ లైపోకు నిండా ఛార్జ్ చేయకుండా సెల్‌కు 4.1 దగ్గర ఆపితే కొంత చోటు ఉంటుంది. అయినా ముందు చక్రానికి చేతి బ్రేకు వేరుగా ఉండాల్సిందే. అది ఉన్నాక ఫ్రీవీలా, మోటార్ బ్రేకా అన్నది నడిపేవాడు ఎంచుకోవాలి. నేను బెల్టు నేరుగానే ఉంచమంటాను.

గాలిమర
నేర్చుకునేవాడు ఎంచుకోలేడు. చక్రి మొదటి బండికి ఫ్రీవీల్. రెండో బండికి మీ ఇష్టం.

చక్రి
ఫ్రీవీల్ పెడతాను. 72 పళ్ల పుల్లీలో అది ఎలా కూర్చుంటుంది?

ఆటోనగర్_లేత్
పుల్లీలో కూర్చోదు తమ్ముడూ, చక్రానికి కూర్చుంటుంది. సైకిల్ ఒంటి ఫ్రీవీల్ తీసుకో. దాని మర చక్రం హబ్‌కు ఎక్కేలా లేత్ మీద ఒక బుష్ తీయించు, మర బిగుసుకునే వైపూ మోటార్ లాగే వైపూ ఒకటే ఉండాలి. ఫ్రీవీల్ బయటి పళ్ల మీద 6 మి.మీ. అల్యూమినియం రింగు కూర్చోబెట్టి, ఆ రింగుకు పుల్లీని ఆరు ఎం5 బోల్టులతో కట్టు. సెంటర్ అర మిల్లీమీటర్ తప్పినా బెల్టు ఒక చోట బిగుతు, ఒక చోట వదులు అవుతుంది. కాబట్టి రింగునూ పుల్లీనీ కలిపి బిగించాకే లోపలి రంధ్రం బోరు చేయించు. హబ్ కొలత పంపు, బుష్‌కు గీత గీసి పెడతా.