వేపాకు కషాయంతో చేసిన వెండి నానో కణాలు (అతి సూక్ష్మ వెండి రేణువులు) మూడో రోజుకే అడుగున పేరుకుంటున్నాయి, ఎందుకు?

గుంటూరులో కాలేజీ ల్యాబ్. నీడన ఆరిన వేపాకు 5 గ్రాములు 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 60 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి వడకట్టాం. ఆ కషాయం 10 మి.లీ., 1 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ 90 మి.లీ.లో చుక్కలుగా కలిపితే గంటలో గోధుమరంగు, 435 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ శిఖరం. మూడో రోజుకి అది వెడల్పై 480కి జరిగి, అడుగున నల్లటి మడ్డి. కుళాయి నీళ్ల క్లోరైడ్ కాదు, అదైతే మొదట్లోనే తెల్లగా విరిగేది.

పీహెచ్ 5.5. సోడియం హైడ్రాక్సైడ్‌తో 8కి తెస్తే నిలుస్తుందా, కణాలు అతుక్కోకుండా సిట్రేట్ కలపాలా? క్షారం ఎక్కువైతే సిల్వర్ ఆక్సైడ్ పడుతుందని భయం.

ఇంకోటి, ఇదే అసలు చిక్కు: ఈ.కోలై బ్యాక్టీరియా ప్లేటులో వచ్చిన జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) కణాలదా, మిగిలిన వెండి అయాన్లదా? అయాన్లు పోయేలా సెంట్రిఫ్యూజ్‌లో 12,000 ఆర్‌పీఎం దగ్గర తిప్పి కడిగితే ముద్ద మళ్లీ నీళ్లలో కలవట్లేదు. పైతేటను (ముద్ద పైన మిగిలిన ద్రవాన్ని) పోల్చడానికి కంట్రోల్‌గా పెడితే చాలా?