కైలాసగిరి పక్క కాలనీల్లో అంతస్తులకు హద్దు పెట్టాలా?

విశాలాక్షినగర్ నివాసి:
విశాఖలో కైలాసగిరి పక్కనున్న కాలనీల్లో పాత డాబాలు వరసగా డెవలప్‌మెంట్‌కి పోతున్నాయి. రెండు కుటుంబాలున్న స్థలంలో పది ఫ్లాట్లు లేస్తున్నాయి. అసలే ఏటవాలు వీధులు, ఎదురుగా ఇంకో కారొస్తే వెనక్కి తీయాల్సిందే. ఇక్కడ రెండంతస్తులు దాటి ప్లాను ఇవ్వకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఆరిలోవ నుంచి:
ఒప్పుకోలేనండీ. అంతస్తులు ఆపినంత మాత్రాన జనం రావడం ఆగదు. ఆస్పత్రులు, కాలేజీలు, ఉద్యోగాలు ఇక్కడే ఉన్నాయి కదా. కింద అద్దె భరించలేనివాళ్లు కొండ ఎక్కుతారు. ఆరిలోవలో, కంచరపాలెం వైపు కొండవాలు ఇళ్లు చూడండి. మన కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైట్ రాయి. ఎండకీ వానకీ తొందరగా శిథిలమై మెత్తబడుతుంది. ఇల్లు కోసం వాలును నిలువుగా కోస్తే, గట్టి వాన పడ్డ రాత్రి పైనున్న మట్టి, బండలు, రక్షణ గోడతో సహా కింది ఇంటి మీద పడతాయి. వానాకాలంలో మా వైపు సరిగా నిద్రపోని ఇళ్లు చాలా ఉన్నాయి. నన్నడిగితే అసలు ప్రమాదం కొండను కోయడమే. చదునుగా, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఐదంతస్తులు రానివ్వండి. వాలు మీద కొత్తగా ఒక్క గది కూడా వద్దు.

విశాలాక్షినగర్ నివాసి:
కొండ కోత విషయంలో మీ మాటే నా మాట. మరి నీళ్ల సంగతి? తీరం దగ్గర బోర్లు దించి తోడేకొద్దీ ఉప్పునీరు లోపలికి వస్తుంది. కొండ మీద పడ్డ వాన గెడ్డల్లోంచి సముద్రానికి పోవాలి. గెడ్డ గట్టు దాకా గోడలు కట్టేస్తే అది వీధిలోకే వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగలేదు. పై అంతస్తుల్లో ఉన్న పెద్దవాళ్లు ఎంత అవస్థ పడ్డారో మర్చిపోయారా?

పెదజాలారిపేట:
ఇద్దరూ కాలనీల గురించే మాట్లాడుతున్నారు. ఒడ్డున ముందునుంచీ ఉన్నవి మా పల్లెలు. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్, అంటే తీరంలో కట్టడాలకు హద్దులు పెట్టే కేంద్ర నిబంధనల పరిధి, ఉంది. 2011 నోటిఫికేషన్ కింద నగర తీరంలో ఎంత కట్టొచ్చన్నది 1991 నాటి నిబంధనల దగ్గరే ఆగింది. 2019లో ఆ కట్టు సడలించారు. ఇక బిల్డర్ల చూపు ఎటు ఉంటుందో చెప్పక్కర్లేదు. వలలు ఆరేసుకోవడానికి, పడవలు పైకి లాగి పెట్టుకోవడానికి మాకు జాగా ఏ ప్లానులో చూపిస్తారు?

ఆరిలోవ నుంచి:
నిజమే అన్నా. పల్లె జాగా ముందు గీసి పక్కన పెట్టాకే మిగతాది. నీళ్ల విషయంలో సార్ చెప్పిందీ కాదనను. ఇప్పుడు ఎత్తును ఎక్కువగా రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం చూసి ఇస్తున్నారు. నేల వాలు, గెడ్డకున్న దూరం, కాలనీకొచ్చే కుళాయి నీళ్లు కూడా చూడాలి. అన్నీ సరిపోయిన చోట కూడా అంతస్తులు ఆపితే నష్టపోయేది అద్దెకుండేవాళ్లే. వాలు బాగా ఉన్నచోట మీ రెండంతస్తులు కూడా ఎక్కువే సార్.

విశాలాక్షినగర్ నివాసి:
వాలు ఎవరు కొలుస్తారు? బిల్డరు తెచ్చిన సర్వే కాగితమైతే నేను ఒప్పుకోను. కార్పొరేషనే కొలిచి, ఆ లెక్క వార్డు ఆఫీసులో గోడకి అంటిస్తే, చదును వీధుల్లో ఐదంతస్తుల గురించి ఆలోచిస్తాను.