హీబ్రూ నేర్చుకోవడానికి దాని చరిత్ర పనికొచ్చిందా? మీ అనుభవం చెప్పండి

అక్షరం_22:
నాలుగు నెలల నుంచి నేర్చుకుంటున్నాను. 22 అక్షరాలూ వచ్చాయి, స్పెల్లింగ్ దగ్గరే టెన్షన్. తెత్, తావ్ రెండూ ‘త’. కాఫ్, కోఫ్ రెండూ ‘క’. ఏ మాటకి ఏది రాయాలో బట్టీ పట్టాల్సిందేనా? పైగా పేపర్లో అచ్చుల గుర్తులే ఉండవు. చరిత్ర తెలిస్తే తేలికంటున్నారు, నిజమేనా?

గుంటూరు_పాఠకుడు:
నా విషయంలో నిజం. ఒకప్పుడు ఆ అక్షరాల శబ్దాలు వేరు. తెత్, కోఫ్ గొంతు బిగించి పలికేవారు. యెమెన్ యూదుల ఉచ్చారణలో ఇలాంటి పాత తేడాలు చాలా నిలిచాయి, ఇజ్రాయెల్‌లో ఇప్పుడు మాట్లాడే హీబ్రూలో కలిసిపోయాయి. రాత మాత్రం పాతదే. మనం ఋషి అని రాసి రుషి అంటున్నాం కదా, అలాగే.

అరువు మాటలకి ఈ కిటుకు చూడండి. గ్రీకు ‘థ’కి తావ్, మామూలు ‘ట’కి తెత్. టెలిఫోన్‌కి తెత్, థియేటర్‌కి తావ్. మ్యాథమెటిక్స్‌ని ‘మతెమాతికా’ అంటారు, అందులో ముందు తావ్, తర్వాత తెత్. తెలుగులో మనం థ, ట రాసే చోట్లే! ఇది కనిపెట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అచ్చుల గుర్తులంటారా, ఆ చుక్కలూ గీతలూ తిబెరియ (గలిలయ సరస్సు ఒడ్డు ఊరు) పండితులు సుమారు 7–10 శతాబ్దాల మధ్య స్థిరపరిచినవి. అంతకుముందు శతాబ్దాల తరబడి అవి లేకుండానే చదివారు. అందుకే ధాతువు పట్టుకోండి, ఇక్కడ క-త-వ: కతవ్ రాశాడు, మిఖ్తావ్ ఉత్తరం, క్తోవెత్ చిరునామా.

హైఫా_నైట్‌డ్యూటీ:
మాది నిజామాబాద్ వైపు. ఇక్కడ ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్లను చూసుకునే పని. వచ్చిన కొత్తలో చరిత్ర చదివే తీరిక ఎక్కడిది? ‘నొప్పి ఎక్కడ’ అని అడగడం వస్తే చాలనుకున్నాను. కానీ చిన్నప్పుడు చర్చిలో విన్న పేర్లే ఆదుకున్నాయి. బేత్లెహేము రొట్టెల ఇల్లు, బేతేలు దేవుని ఇల్లు. ఇక్కడ ఆస్పత్రి ‘బేత్ ఖోలీం’, జబ్బుపడ్డవాళ్ల ఇల్లు. బడి ‘బేత్ సేఫెర్’, పుస్తకం ఇల్లు. మందుల షాపు కూడా బేతే. కరెంటుకు ‘ఖష్మల్’ అంటారు, అది బైబిల్లోని యెహెజ్కేలు గ్రంథం మొదటి అధ్యాయంలోని మాట. అది తెలిశాక కరెంటు బిల్లు మీద ఆ మాట చూసినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

మూలభాష_విద్యార్థి:
ఒక జాగ్రత్త. నేను బైబిలు హీబ్రూతో మొదలుపెట్టాను. అందులో కథ చెప్పేటప్పుడు ‘వయ్యోమెర్’ అంటే ‘చెప్పాడు’. అదే పట్టుకుని ఆన్‌లైన్ క్లాసులో మాట్లాడితే టీచరమ్మ ఆపి, ఇప్పుడు ‘అమర్’ అంటే చాలన్నారు. ‘నా ఇల్లు’ బైబిల్లో బేతీ, వాడుకలో హబాయిత్ షెలీ. ఆ ‘షెల్’ (అంటే ‘యొక్క’) మిష్నా (బైబిలు తర్వాతి యూదుల ధర్మశాస్త్ర గ్రంథం) కాలపు హీబ్రూలో బాగా స్థిరపడింది. ఏ మాట ఏ కాలానిదో నోట్సులో పక్కనే రాసుకోండి, నాకు అలాగే కుదిరింది.

అక్షరం_22:
అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే డిక్షనరీ ముందు పెట్టుకుని చూశాను. టెలివిజన్‌కి తెత్, థియరీకి తావ్, రెండూ ఊహించినట్టే ఉన్నాయి! కాఫ్, కోఫ్‌లకి కూడా ఇలాంటిది ఉందా?

గుంటూరు_పాఠకుడు:
ఉందండి. అరువు మాటల్లో మామూలు ‘క’ అయితే కోఫ్: కాఫీ, క్లాసిక్. గ్రీకు ‘ఖ’ నుంచి వచ్చినవాటికి కాఫ్: టెక్నికల్‌ని ‘తెఖ్నీ’ అంటారు, కెమిస్ట్రీని ‘ఖిమియా’ అంటారు.