పల్లెల్లో ఇంటర్నెట్ ధర దిగాలంటే ఎక్కడ పట్టుకోవాలి?

గాలిపటం:
అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా ఈ విషయం మీద చదువుతున్నా, చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది, అందుకే తెలిసినవాళ్లని అడుగుదామని ఇక్కడికొచ్చా. పేద దేశాల్లో పల్లె జనానికి ఇంటర్నెట్ లేదంటే అక్కడికి టవర్ వెళ్లలేదేమో అనుకునేవాణ్ణి. కానీ ఐక్యరాజ్యసమితి టెలికం సంస్థ ఐటీయూ 2024 లెక్కలు వేరేలా ఉన్నాయి. అప్పటికి ప్రపంచంలో సుమారు 260 కోట్ల మంది ఇంటర్నెట్ వాడట్లేదు, అందులో దాదాపు 180 కోట్ల మంది పల్లెల్లో ఉన్నారు. అదే మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ సిగ్నల్ అసలే అందని జనం ఎంతంటే మొత్తం జనాభాలో 4 శాతం దగ్గర. అంటే మిగతావాళ్ల ఊరికి సిగ్నల్ వచ్చింది, వాళ్లు మాత్రం వాడట్లేదు. కారణాలు చాలా ఉండొచ్చు గానీ ఖర్చు పెద్దదే కదా.

ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో ఒక లక్ష్యం పెట్టుకుంది. 2025 కల్లా మామూలు ప్యాక్ ధర నెలసరి తలసరి ఆదాయంలో 2 శాతం లోపుకి రావాలని. అది ఎలా సాధించాలో అడిగితే ఒకరు శాటిలైట్ అంటారు, ఒకరు ఫైబర్ అంటారు, ఇంకొకరు ఊరివాళ్లే సొంతంగా నెట్‌వర్క్ పెట్టుకోవాలంటారు. చేతిలో కొంచెమే డబ్బుంటే ముందు దేని మీద పెట్టాలి? అసలు ఖర్చంతా ఎక్కడ అవుతోంది?

రాగితీగ:
నేను ఈ ఫీల్డ్‌లోనే పనిచేస్తాను కాబట్టి ఖర్చు సంగతి చెప్తా. ఊళ్లో ఇంటింటికీ ఇవ్వడం పెద్ద సమస్య కాదండీ. లైసెన్స్ అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్ వైఫై పరికరాలు చౌకగానే దొరుకుతాయి. ఊరి దాకా డేటా తీసుకురావడమే బరువు, మేం బ్యాక్‌హాల్ అంటాం. గుట్టలు దాటించి మైక్రోవేవ్ టవర్లు వేయాలి, లేదా కిలోమీటర్ల కొద్దీ ఫైబర్ పూడ్చాలి. కరెంటు నిలకడగా ఉండదు కాబట్టి డీజిల్ జనరేటర్, ఆ డీజిల్ మోసుకెళ్లడానికి మళ్లీ బండి, మనిషి. ఇంత ఖర్చు చేసి అక్కడికెళ్తే ఉన్నది దూరదూరంగా విసిరేసినట్టున్న కొద్ది ఇళ్లు, వాళ్ల దగ్గర ఖర్చుపెట్టగలిగేది తక్కువ. కంపెనీ లెక్కలో అది ఎప్పుడూ నష్టమే, అందుకే వెళ్లదు, వెళ్లినా పాత 2జీ పెట్టి వదిలేస్తుంది.

ఇంకో ఖర్చు ఎవరికీ కనబడదు. తూర్పు ఆఫ్రికా 2009 వరకు దాదాపు పూర్తిగా శాటిలైట్ మీదే ఆధారపడింది. ఆ ఏడాది సీకామ్, టీమ్స్ అనే సముద్రగర్భ కేబుళ్లు వచ్చాక హోల్‌సేల్ ధరలు పడ్డాయి. కానీ కేబుల్ వస్తే సరిపోదు. ఒకే దేశంలోని రెండు కంపెనీలు తమలో తాము కలవకపోతే, పక్కింటివాడికి పంపే ఉత్తరం సముద్రం దాటి వెళ్లి తిరిగొచ్చినట్టు, డేటా యూరప్ దాకా వెళ్లొస్తుంది, ఆ రానూపోనూ ఖర్చు డాలర్లలో కట్టాలి. దీనికి మందు ఇంటర్నెట్ ఎక్స్‌ఛేంజ్, అంటే కంపెనీలన్నీ ఒక గదిలో తమ కేబుళ్లు కలుపుకునే చోటు. కెన్యాలో 2012లో 30 శాతం ట్రాఫిక్ మాత్రమే దేశం లోపల తిరిగేది, 2020కి అది 70 శాతానికి చేరింది. ఇది రాజధానిలో జరిగే పని, పల్లె ఫొటోలు ఉండవు కాబట్టి దీనికి దాతలు దొరకరు. ధర మీద ప్రభావం మాత్రం గట్టిదే.

ఊరివైఫై:
రాగితీగ గారు చెప్పింది నిజమే, అయితే కంపెనీకి నష్టమైన చోటు ఊరికీ నష్టం కావాలని లేదు. ఊరికి లాభాలు పంచాల్సిన వాటాదార్లు ఉండరు, టవర్‌కి స్థలం ఊళ్లోదే, కాపలా ఊళ్లోవాళ్లదే. నేపాల్‌లో మహాబీర్ పున్ నాంగీ అనే కొండ ఊరికి వైఫై పరికరాలతోనే కొండ నుంచి కొండకి లింకులు వేసి ఇంటర్నెట్ తెచ్చారు, 2007లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది. దక్షిణాఫ్రికాలో మన్‌కోసి దగ్గర జెంజెలేని అని సహకార సంఘం ఉంది, మొదట్లో వాళ్ల ఆదాయం ఎక్కడిదో తెలుసా, నెట్‌వర్క్ కోసం పెట్టిన సోలార్ ప్యానెళ్లతో జనం ఫోన్లు ఛార్జింగ్ చేసిపెట్టడం! ఆ వివరం నాకు భలే నచ్చింది.

మెక్సికోలోని ఓహాకా రాష్ట్రంలో తలేయా దే కాస్త్రో అనే ఊరు 2013లో సొంత సెల్ నెట్‌వర్క్ పెట్టుకుంది, మొదట మాటలకీ మెసేజ్‌లకీ మాత్రమే. 2016లో అలాంటి ఊళ్ల సంఘానికి అక్కడి టెలికం నియంత్రణ సంస్థ స్పెక్ట్రమ్, అంటే సెల్ సిగ్నల్‌కి కావాల్సిన రేడియో తరంగాలు, వాడుకునే హక్కు ఇచ్చింది. చాలా దేశాల్లో ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే, దేశమంతా తిరిగే కంపెనీకీ ఒక్క ఊరి సంఘానికీ ఒకే లైసెన్స్ ఫీజు, ఒకే కాగితాలు. కెన్యా 2021లో కమ్యూనిటీ నెట్‌వర్క్‌లకి వేరే, తేలికైన లైసెన్స్ పెట్టింది. నన్నడిగితే ఒక్క రూపాయి కూడా పరికరాల మీద పెట్టకముందు ఆ చట్టం మార్చే పని చూడాలి.

అనుమానాలపుట్ట:
భయ్యా, మీరు చెప్పిన ఊళ్లన్నీ బతికినవి. బతకనివాటి గురించి ఎవరూ రాయరు. పిడుగు పడి రేడియో కాలిపోతే మార్చేదెవరు? బ్యాటరీలు కొన్నేళ్లకి చచ్చిపోతాయి, కొత్తవి ఎవరు కొంటారు? దాతల డబ్బు పెట్టె కొనడానికి వస్తుంది, పెట్టెని నడపడానికి రాదు. పని నేర్చిన కుర్రాడు ఆ నేర్పుతోనే పట్నంలో ఉద్యోగం చూసుకుంటాడు, అందులో వాడి తప్పేమీ లేదు కూడా.

అలాగని పెద్ద కంపెనీల గొప్పలు నమ్మమని కాదు. ఆకాశం నుంచి ఇంటర్నెట్ ఇస్తామన్న ఫేస్‌బుక్ అక్విలా విమానం ప్రాజెక్టు 2018లో మూతపడింది. గూగుల్ బెలూన్ల లూన్ 2020లో కెన్యాలో సర్వీస్ మొదలెట్టింది, 2021 జనవరిలో మూసేస్తున్నామని చెప్పేసింది. ఉచితంగా కొన్ని సైట్లే ఇస్తామన్న ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ లాంటివి కుదరవని 2016 ఫిబ్రవరిలో భారత్‌లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది. మంచి పనే చేసింది.

ఇంకోటి, ఆ 2 శాతం లక్ష్యం సగటు ఆదాయం మీద. సగటులో నాలుగో వంతు సంపాదించేవాడికి అదే ప్యాక్ 8 శాతం అవుతుంది. పైగా వాడు నెల ప్యాక్ కొనలేడు, రోజు ప్యాక్ కొంటాడు, రోజు ప్యాక్‌లో జీబీ రేటు ఎక్కువ. అందరికంటే పేదవాడే జీబీకి అందరికంటే ఎక్కువ కడుతున్నాడు, దీని మీద ఎవరూ మాట్లాడరేం?

వెన్నెలదారి:
పన్నులు మర్చిపోయారు. ఉగాండా 2018 జులైలో సోషల్ మీడియా వాడితే రోజుకి 200 షిల్లింగులు పన్ను వేసింది, 2021లో అది తీసేసి డేటా మీద 12 శాతం వేసింది. ఒకవైపు ఇంటర్నెట్ అందరికీ అంటూ ఇంకోవైపు ఇదీ. ఫోన్ ధర కూడా చూడండి, ఇంట్లో ఒక్కటే స్మార్ట్‌ఫోన్ ఉంటే అది మగాళ్ల జేబులోనే ఉంటుంది, ఆడవాళ్లకి డేటా చౌకైతే ఏంటి, కాకపోతే ఏంటి.

గాలిపటం:
చాలా థాంక్స్ అందరికీ, ముఖ్యంగా రోజు ప్యాక్ సంగతి నాకు తట్టనే లేదు. శాటిలైట్ గురించి ఎవరూ చెప్పలేదు. అది వస్తే బ్యాక్‌హాల్ సమస్య తీరిపోయినట్టేనా?

రాగితీగ:
కొంతవరకు. పాత శాటిలైట్లు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, మాట వెళ్లిరావడానికే అర సెకను పైన పడుతుంది. స్టార్‌లింక్ లాంటివి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆ బాధ లేదు. కానీ డిష్ ధర, నెల చందా ఒక పేద కుటుంబం భరించేది కాదు. ఒక డిష్‌ని ఊరంతటికీ బ్యాక్‌హాల్‌గా పెట్టి అక్కడి నుంచి వైఫైతో పంచితే లెక్క మారుతుంది, పంచుకోవడానికి ఆ కంపెనీ ప్లాన్, దేశం లైసెన్స్ రెండూ ఒప్పుకోవాలి మరి. పైగా లింకు చిన్నదైతే, నెట్ లేకుండా పనిచేసే కివిక్స్, కొలిబ్రీ అనే సాఫ్ట్‌వేర్లున్నాయి, కివిక్స్‌లో వికీపీడియా, కొలిబ్రీలో పాఠాలు ఊళ్లో సర్వర్ మీదే పెట్టేస్తే బడి పిల్లలు ఆ లింకుని తాకకుండానే చదువుకుంటారు.

మీ మొదటి ప్రశ్నకి వస్తే, ముందు దగ్గరలో ఫైబర్ ఎక్కడ దాకా వచ్చిందో కనుక్కోండి. పదీ ఇరవై కిలోమీటర్లలో ఉండి, మధ్యలో కొండ అడ్డం లేకుండా ఎదురెదురు కనబడితే రేడియో లింకు చాలు, శాటిలైట్ జోలికి పోనక్కర్లేదు. కానీ ఆ ఫైబర్ యజమాని హోల్‌సేల్‌గా అమ్ముతాడా అన్నది వేరే గొడవ. ప్రజల సొమ్ముతో, టెలికం కంపెనీల నుంచి వసూలుచేసిన సార్వత్రిక సేవా నిధితో వేసిన ఫైబర్ అయితే అందరికీ ఒకే రేటుకి ఇవ్వాల్సిందేనని పట్టుబట్టొచ్చు. చాలా దేశాల్లో ఆ నిధి ఖర్చు కాకుండా మూలుగుతోంది కూడా.

అనుమానాలపుట్ట:
ఆ నిధి నుంచి నడిపే ఖర్చుకి కూడా ఇస్తారంటే నేను పైన అన్నదాంట్లో సగం వెనక్కి తీసుకుంటా. బ్యాటరీలకి, టెక్నీషియన్ జీతానికి. ఎక్కడైనా అలా ఇస్తుంటే ఇక్కడ రాయండి, ఆ నిబంధన చదవాలని ఉంది.