అప్‌డేట్: రివర్సో గడియారం ఎందుకు బోర్లా తిరుగుతుంది?

స్విస్ గడియారాల సంస్థ జేగర్-లెకుల్ట్ర తయారుచేసే రివర్సో అనే చేతిగడియారంలో డయల్‌ను వెనక్కి తిప్పే ఏర్పాటు అలంకారమా, అవసరమా అని ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మీరు సూచించినవి చదివాక స్పష్టత వచ్చింది.

అది అవసరం నుంచే పుట్టింది. బ్రిటిష్ పాలనలోని భారతదేశంలో పోలో ఆడే సైనికాధికారుల గడియారపు అద్దాలు పగిలిపోతుండటంతో, ఆటకు తట్టుకునే గడియారం కావాలన్న కోరిక సెజార్ ద త్రే అనే వ్యాపారి ద్వారా గడియారాల తయారీదారు జాక్-దావీద్ లెకుల్ట్రకు చేరింది. రెనే-ఆల్ఫ్రెడ్ షొవో రూపొందించిన పరిష్కారానికి 1931 మార్చి 4న పారిస్‌లో పేటెంటు దరఖాస్తు పెట్టారు. గడియారపు పెట్టె (కేసు) తన చట్రంలోనే పక్కకు జరిగి, బోర్లా తిరిగి, మళ్లీ గట్టిగా కూర్చుంటుంది. అప్పుడు అద్దం మణికట్టు వైపు ఉండి, లోహపు వీపు దెబ్బలను కాచుకుంటుంది.

దీర్ఘచతురస్రాకారం, పైనా కిందా మూడేసి అడ్డగీతలు 1920, 30ల నాటి ఆర్ట్ డెకో అనే అలంకరణ శైలికి చెందినవి. రక్షణ కోసం పెట్టిన ఆ ఖాళీ వీపు పేర్లూ చిహ్నాలూ చెక్కించుకునే చోటు కావడం, 1994లో డుయోఫేస్ అనే మోడల్‌తో అక్కడే మరో ప్రాంతపు సమయం చూపే రెండో డయల్ రావడం నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నాయి. విదేశాల్లో పిల్లలున్నవారికి ఆ రెండో సమయం ఉపయోగమే. అయినా నేను సాదా వీపున్నదే ఎంచుకున్నాను. దానిపై నాన్నగారి పేరును తెలుగు లిపిలో చెక్కించాలని ఉంది.