‘జప్తు’ కాదు, ‘ఎరవు’

యుద్ధం వచ్చినప్పుడు నౌకాదళం మామూలు ప్రయాణికుల స్టీమర్లను తీసుకుని వాడుకోవడాన్ని తెలుగులో ఏమనాలని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. ఎక్కువమంది ‘జప్తు’ అన్నారు. ఆ మాటకు నాకు మనసొప్పడం లేదు.

బాకీ కట్టనివాడి ఇంటి సామాను పట్టుకుపోతే అది జప్తు. అందులో తప్పూ శిక్షా ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఓడలవాళ్లు చేసిన తప్పేమీ లేదు. ఓడ వాళ్లదే, వాడకం మాత్రం సర్కారుది. అద్దె ఇవ్వాలి, మునిగితే పరిహారం కట్టాలి. బ్రిటన్ 1939లో ఇందుకోసం చట్టమే చేసింది.

మా కళింగపట్నం వైపు పెద్దవాళ్ల నోట విన్న మాట ‘ఎరవు’. పెళ్లికి వెళ్తూ పక్కింటివాళ్ల గొలుసు అడిగి పెట్టుకుంటే మా మామ్మ ‘ఎరవు తెచ్చాను’ అనేది. (పొలానికి వేసే ఎరువు వేరు. ఇప్పుడు రెండూ ఒకేలా పలికేస్తున్నాం.) ‘ఎరవుల సొమ్ము బరువుల చేటు, తీయా పెట్టా తీపుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు’ అన్న సామెత ఈ ఓడల కథకు అచ్చంగా సరిపోతుంది.

మన తీరం నుంచి జనాన్ని రంగం (రంగూన్) చేర్చిన ‘బ్రిటిష్ ఇండియా’ అనే స్టీమర్ల కంపెనీనే చూడండి. 1926లో కట్టించిన రజులా, రోహ్నా అనే రెండు ఓడలను మద్రాసు-సింగపూర్ దారిలో నడిపింది. యుద్ధంలో రెండూ సైనికుల్ని మోశాయి. రజులా తిరిగొచ్చి 1970ల దాకా ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. రోహ్నా 1943 నవంబరు 26న అల్జీరియా తీరంలో జర్మన్ బాంబుకు మునిగింది. 1,138 మంది చనిపోయారు, వాళ్లలో 1,015 మంది అమెరికా సైనికులు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది మన దేశంవాళ్లే. ఆ ప్రాణాలకు ఏ ఎరవు లెక్కా చాలదు.

‘ఎరవంటే అడిగి తెచ్చుకునేది, ఇది ఆర్డరు కదా’ అని ఒక మిత్రుడు అడ్డు చెప్పారు. నిజమే. శ్రీకాకుళంలో ట్రావెల్స్ డ్రైవర్లు ‘ఎలక్షన్ డ్యూటీకి బండి పట్టుకున్నారు’ అంటారు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 160వ సెక్షన్ కింద జరిగేదీ ఇలాంటి పనే. ‘పట్టు’లో బలవంతం ఉంది, ‘ఎరవు’లో తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉంది. రెండూ కలిపి ‘యుద్ధానికి ఎరవు పట్టిన ఓడలు’ అంటే నా చెవికి బాగుంది.

సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇళ్లలో ‘ఎరవు’ ఇంకా వినిపిస్తోందా? ఎలా వాడతారో ఒక్క వాక్యం రాయండి.