సమస్య: "తలయె లేనట్టి వానికి దక్కె టోపి"

నిర్వాహకుడు: పాదం తేటగీతి ఛందస్సులో ఉంది. వస్తువు ఇంగ్లండులోని రోచెస్టర్ బిషప్ జాన్ ఫిషర్ జీవితం. డచ్ పండితుడు ఎరాస్మస్‌ను కేంబ్రిడ్జికి రప్పించినవాడు, యాభై ఏళ్లకు చేరువవుతూ గ్రీకు నేర్చుకోవడానికి కూర్చున్నవాడు. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ కోరిన వారసత్వ ప్రమాణం చేయనన్నందుకు 1534లో లండన్ టవర్‌లో ఖైదయ్యాడు. 1535 మే 20న పోప్ మూడవ పాల్ అతనిని కార్డినల్‌ను చేశాడు. ఆ పదవికి గుర్తయిన ఎర్రటోపీని రాజు ఇంగ్లండులోకి రానివ్వలేదు. జూన్ 22న తల తీయించాడు.

మొదటి పూరణ:

ఫిషరు కార్డినలయ్యెనన్ విషయ మెరిగి
హెన్రి రాజు కోపమ్మున నిట్టులనియె:
"భుజములన్ దాని మోయనీ పొమ్ము, దూత!
తలయె లేనట్టి వానికి దక్కె టోపి!"

నిర్వాహకుడు: "ఫిషరు–విషయ" ప్రాసయతి (యతిస్థానంలో రెండో అక్షరం కలవడం) హాయిగా కుదిరింది. రాజు అన్నాడని చెప్పుకొనే మాటే మూడవ పాదమైంది. అయితే సమస్యను ఒకరి నోట పలికించడం అందరూ నడిచిన దారి. పైగా పద్యమంతా హెన్రీయే నిండిపోయాడు, ఫిషర్ కనబడలేదు.

రెండవ పూరణ:

కోట చెరలోన ముదుసలి గోడు వినుడు:
చలికి తొడుగంగ చొక్కాయి జాడ లేదు,
పుస్తకమ్ములున్, నోటికి బువ్వయు, కొర
తలయె, లేనట్టి వానికి దక్కె టోపి!

రెండవ పూరణ కవయిత్రి: 1534 డిసెంబరులో ఫిషర్ రాజు మంత్రి క్రామ్‌వెల్‌కు రాసిన ఉత్తరమే దీనికి ఆధారం. చొక్కా లేదని, ఉన్న బట్టలు సిగ్గుపడేంతగా చినిగాయని, తిండి చాలడం లేదని, భక్తి పుస్తకాలు కావాలని అందులో వేడుకున్నాడు.

నిర్వాహకుడు: అమ్మా, ఎంత చక్కని విరుపు! "కొరతలయె" అనగానే తల మాయమైంది, "లేనట్టి వాడు" నిరుపేద అయ్యాడు. గొప్ప గ్రంథాలయం ఉన్న పండితుడు ఒక్క పుస్తకం కోసం చేయి చాచడం చదివి మనసు కలుక్కుమంది. ఒక్క సవరణ: ద్రుతం (పదం చివరి నకారం) మీద సరళాదేశం రావాలి, అంటే క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లు కావాలి: "చలికిఁ దొడుగంగఁ జొక్కాయి".

మరొక సభ్యుడు: టోపీ అతని చేతికే అందలేదు కదా, "దక్కె" ఎలా? బిషప్ నోట "బువ్వ" కూడా పసిపిల్లల మాటలా ఉంది.

నిర్వాహకుడు: కిరీటం దక్కిందంటే రాజ్యం దక్కినట్టే. ఇక్కడ టోపి అంటే పదవి; గుర్తు పేరుతో అసలు వస్తువును చెప్పే లక్షణార్థం.

రెండవ పూరణ కవయిత్రి: సరళాదేశం సవరించుకున్నాను, ధన్యవాదాలు. "బువ్వ" మాత్రం మార్చను. అరవై దాటిన మనిషి ఆకలితో చొక్కా అడుగుతున్నాడు, ఆ మాటే నాకు వినిపించింది.